పాత ఇంటి మీద కొత్త అంతస్తు: స్ట్రక్చరల్ ఇంజినీరును ఎలా పెట్టుకోవాలి?

లక్సెట్టిపేట మెయిన్ రోడ్డు వెంట నడిస్తే పాత ఇళ్ల మీద లేస్తున్న కొత్త అంతస్తులు, ముందు గోడ తీసి బిగించిన షట్టర్లు, డాబా మీద సలాకలు బయటికి వదిలేసిన పిల్లర్లు కనిపిస్తాయి. పెంకుటిల్లు తీసి స్లాబు వేసుకున్న తరం ఇళ్లకు ఇప్పుడు ముప్పై, నలభై ఏళ్లు. పిల్లల పెళ్లిళ్లయ్యాయి, ఉన్న గదులు చాలడం లేదు. రోడ్డు మీది గదిని దుకాణం చేస్తే నెలకింత కిరాయి వస్తుంది. ఇంకోవైపు వానాకాలం వస్తే స్లాబు ఉరుస్తోంది, పెచ్చులూడుతోంది.

ఏ మార్పుకైనా ఇంటాయన మొదట పిలిచేది సుతారి మేస్త్రిని. "దీని మీద ఇంకో అంతస్తు పడ్తదా?" అని అడుగుతాడు. మేస్త్రి పిల్లరును చేత్తో తట్టి చూసి, "ఏం గాదన్నా, ఇసొంటియి ఎన్ని ఎయ్యలే" అంటాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆయన వేసినవి ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. కానీ పునాది ఎంత లోతుంది, కింద నేల ఎలాంటిది, పిల్లరులో సలాకలెన్ని, వాటిలో తుప్పు తిన్నవెన్ని, పైన కొత్తగా పడే బరువెంత అన్నవి లెక్క కట్టి చెప్పాల్సిన సంగతులు. ఆ లెక్క నేర్చినవాడు స్ట్రక్చరల్ ఇంజినీరు.

2025 మార్చి 26న భద్రాచలంలో కడుతున్న బహుళ అంతస్తుల భవనం ఉన్నట్టుండి కుప్పకూలింది. అందులో పనిచేస్తున్న ఇద్దరు తాపీ పనివాళ్లు చనిపోయారు. పాత కట్టడం మీదే అంతస్తులు పెంచుకుంటూ పోవడం ఆ ప్రమాదానికి కారణమని అప్పట్లో వార్తలొచ్చాయి. మనదీ గోదావరి ఒడ్డు ఊరే. ఇక్కడా పాత పునాదుల మీద కొత్త అంతస్తులు లేస్తున్నాయి. అందుకే ఇంతగా చెప్పవలసి వస్తోంది.

ముందు మీ ఇల్లు ఏ రకమో తెలుసుకోండి

ఇంజినీరుకు ఫోను చేసే ముందే ఈ ఒక్క సంగతి చూసుకోండి. స్లాబు బరువు గోడల మీద నిలిచిందా, పిల్లర్ల మీద నిలిచిందా? పాత ఇళ్లలో చాలావాటికి పిల్లర్లుండవు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడో, రాతి గోడో కట్టి దాని మీద నేరుగా స్లాబు పోసేవారు. అలాంటి ఇంట్లో ప్రతి మందపు గోడా బరువు మోస్తున్నదే. పిల్లర్ల ఇంట్లో బరువు స్లాబు నుంచి బీములకు, బీముల నుంచి పిల్లర్లకు, అక్కడి నుంచి పునాదిలోని ఫుటింగులకు దిగుతుంది. మధ్యలోని గోడ తెర లాంటిది.

రెండూ కలిసిన ఇళ్లూ ఉన్నాయి. ముందు వరండాకు రెండు పిల్లర్లు, వెనక అంతా గోడల మీద స్లాబు. వీటితోనే ఎక్కువ జాగ్రత్త. ముందు పిల్లర్లను చూసి ఇది పిల్లర్ల ఇల్లేనని అందరూ అనుకుంటారు.

ఇల్లు ఏ సంవత్సరం కట్టారు, మేస్త్రి ఎవరు, పునాది తీసినప్పుడు నల్లరేగడి తగిలిందా, మొరం తగిలిందా, బండ తగిలిందా అన్నవి ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఒక కాగితం మీద రాసుకోండి. పాత ప్లాను గానీ, కట్టేటప్పుడు తీసిన ఫొటోలు గానీ ఉంటే బయటికి తీయండి. పునాది గుంతలో సలాకలు కనిపించే ఒక్క పాత ఫొటో ఇంజినీరుకు సగం రోజు పని తప్పిస్తుంది.

బరువు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. "ఒక్క గదే కదా" అనే మాట చాలా ఇళ్లలో వినబడుతుంది. ఆ గది బరువు చూడండి. 9 అంగుళాల ఇటుక గోడ 10 అడుగుల ఎత్తు కడితే, ఒక్క అడుగు పొడవుకే దాదాపు 4 క్వింటాళ్లు. 10 బై 12 గదికి 5 అంగుళాల స్లాబు పోస్తే సుమారు 35 క్వింటాళ్లు. మనుషులు, మంచాలు, బీరువాల కోసం ఇళ్లకు చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు కలుపుకోవాలని ఐఎస్ 875 ప్రమాణం చెబుతుంది. తలుపులు, కిటికీల ఖాళీ తీసేసినా ఆ ఒక్క గదీ 200 క్వింటాళ్లు దాటుతుంది. దాని మీద వెయ్యి లీటర్ల ట్యాంకు పెడితే నీళ్లే ఇంకో 10 క్వింటాళ్లు. ఇదంతా నలభై ఏళ్ల కింద ఒక్క అంతస్తు కోసం తీసిన పునాది మీద పడుతుంది. గోడలు నాలుగున్నర అంగుళాలకు తగ్గించినా, తేలిక బ్లాకులతో కట్టినా బరువు బాగా దిగుతుంది. అలా ఎంత దించితే మీ పునాది మోస్తుందో ఇంజినీరు లెక్కగట్టి చెబుతాడు.

ఎప్పుడు పిలవాలి?

రంగులకు, టైల్సుకు, కరెంటు పనికి, కుళాయి మార్చడానికి ఇంజినీరు అక్కరలేదు. డబ్బు వృథా. మీద అంతస్తు, డాబా మీద గది, పెద్ద ట్యాంకు, గోడ తీయడం, దర్వాజ వెడల్పు చేయడం, మెట్లు మార్చడం, బాల్కనీ ముందుకు లాగడం వంటివాటికి తప్పకుండా పిలవాలి. షట్టరు కోసం ముందు గోడ కోయడాన్ని మనవాళ్లు చిన్న పనిగా లెక్కేస్తారు. గోడల మీద నిలిచిన ఇంట్లో అది ఇంటి కాలు తీసేయడమే. తీసిన గోడ మోసే బరువును ఏ బీము మోయాలి, ఆ బీము రెండు కొసలు దేని మీద ఆనాలి అన్నది తేల్చుకున్నాకే సుత్తె పట్టాలి.

వాస్తు కోసం చేసే మార్పులకూ ఇదే వర్తిస్తుంది. ఈశాన్యంలో బరువు తీసేయమన్నారని గోడ కూల్చడం, మెట్లు నైరుతికి మార్చడం మన దగ్గర మామూలే. నమ్మకాన్ని కాదనక్కరలేదు. పంతులు చెప్పినదాన్ని రాసుకుని ఇంజినీరు ముందు పెట్టండి. చాలా మార్పులను ఇంటికి నష్టం లేకుండా చేసే దారి ఆయన చూపగలడు. మిగతావి ఎందుకు కుదరవో విప్పి చెబుతాడు, అప్పుడు మళ్లీ పంతులును అడగవచ్చు.

మార్పేమీ చేయకున్నా పిలవాల్సిన సందర్భాలున్నాయి. స్లాబు కింద పెచ్చులూడి ఎర్రటి సలాక కనిపించినప్పుడు. పిల్లరు మీద నిలువుగా, లోపలి సలాక వెంట పర్రె పారినప్పుడు. వరద నీళ్లు పునాది చుట్టూ నిలిచి తీసినప్పుడు. 2022 జూలైలో గోదావరి, కడెం పొంగి మంచిర్యాలలో ఇళ్లు మునిగాక చాలామంది బురద కడిగి, రంగులేసి మళ్లీ కాపురం పెట్టారు. పునాది కింద మట్టి కొట్టుకుపోయిందా అన్నది రంగు కింద కనబడదు. పక్క స్థలంలో లోతుగా తవ్వుతున్నప్పుడు కూడా పిలవాలి. 2024 నవంబరులో హైదరాబాద్ సిద్ధిక్‌నగర్‌లో పక్క ప్లాటులో తీసిన గుంత వల్లనే ఒక నాలుగంతస్తుల భవనం ఒరిగింది, చివరికి కూల్చేయాల్సి వచ్చింది.

ఇంకో మాట. తలుపులు ఉన్నట్టుండి పట్టేస్తున్నా, పర్రె రోజురోజుకూ వెడల్పవుతున్నా, పిల్లరు కాంక్రీటు నలిగి పొడిలా రాలుతున్నా ఎవరి సలహా కోసమూ ఆగకండి. ముందు ఇల్లు ఖాళీ చేసి, ఆ తర్వాత ఫోను చేయండి.

పర్రెలను రాసి పెట్టండి

ఇంజినీరు వచ్చేలోపు మీరు చేయగల పనుల్లో దీన్ని మించింది లేదు. ప్రతి పర్రెకూ ఫొటో తీయండి, పక్కన స్కేలు పెట్టి. అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో పెన్సిలుతో గీత పెట్టి తేదీ రాయండి. అనుమానం ఉన్నచోట పర్రెకు అడ్డంగా సన్నటి గాజు ముక్కను ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో రెండు వైపులా అతికించండి. గోడ కదులుతుంటే గాజు పగులుతుంది. కదలిక ఆగిపోయిన పాత పర్రె అయితే గాజు అలాగే ఉంటుంది. ఈ రెండింటికీ వైద్యం వేరు, ఖర్చు వేరు.

పర్రె ఆకారం కూడా చాలా చెబుతుంది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా మెట్లు మెట్లుగా పారితే పునాది ఒకవైపు దిగిందన్న అనుమానం. స్లాబు, గోడ కలిసే చోట అడ్డంగా ఒకే గీతలా ఉంటే అది ఎక్కువగా ఎండకు స్లాబు సాగి ముడుచుకోవడం వల్ల వచ్చేది. మన ఎండలకు ఇది చాలా ఇళ్లలో ఉంటుంది, భయపడాల్సింది తక్కువ. గిలాబు మీద వెంట్రుకల్లా అల్లుకున్న సన్న గీతలు గిలాబుకే పరిమితం. బీము కొసన, పిల్లరుకు దగ్గరగా ఏటవాలుగా వచ్చిన పర్రె మాత్రం ప్రమాద సూచన. ఇవన్నీ గుర్తులు మాత్రమే, తీర్పు ఇంజినీరే ఇవ్వాలి.

నల్లరేగడి మీద కట్టిన ఇళ్లకు ఇంకో తిప్పలు. వానలకు ఆ మట్టి ఉబ్బుతుంది, ఎండలకు కుంచించుకుపోయి నెర్రెలు బారుతుంది. దానితోపాటు పునాదీ లేస్తూ దిగుతూ ఉంటుంది. వేసవిలో వేలు దూరేంత ఉన్న పర్రె శ్రావణంలో మూసుకుపోతే ఇల్లు బాగైందని అనుకోవద్దు. అలాంటి ఇంట్లో ఒక వానాకాలం, ఒక ఎండాకాలం కొలతలు రాసి ఉంచితే ఇంజినీరుకు అంతకంటే మంచి ఆధారం దొరకదు.

ఇంజినీరును వెతకడం

ఇక్కడే చాలామంది తడబడతారు. ఊళ్లో "ఇంజినీరు సార్" అనిపించుకునేవాళ్లలో నాలుగు రకాల పనివాళ్లున్నారు. మున్సిపాలిటీకి ప్లాను గీసి ఇచ్చేవారు ఒకరు. గుత్తకు ఇల్లు కట్టించే కాంట్రాక్టరు ఒకరు. ఇంటి రూపం, గాలి, వెలుతురు చూసే ఆర్కిటెక్టు ఇంకొకరు. ఇల్లు బరువు మోస్తుందా లేదా అని లెక్కగట్టే స్ట్రక్చరల్ ఇంజినీరు నాలుగోవాడు. మీకు కావలసింది ఈ చివరాయన. మామూలుగా సివిల్‌లో బీటెక్ చేసి, స్ట్రక్చర్స్‌లో ఎంటెక్ చేసినవారు, లేదా ఆ పనిలోనే ఏళ్ల తరబడి ఉన్నవారు.

ఆర్కిటెక్టులకు 1972 చట్టం కింద దేశమంతటికీ ఒక కౌన్సిల్ ఉంది, అందులో పేరు లేనివాడు ఆర్కిటెక్టునని చెప్పుకోరాదు. ఇంజినీర్లకు అలాంటిది లేదు. బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు. కాబట్టి చూసుకోవాల్సిన బాధ్యత మన మీదే పడుతుంది. మున్సిపాలిటీలు స్ట్రక్చరల్ ఇంజినీర్లకు లైసెన్సులిస్తాయి. లక్సెట్టిపేట, మంచిర్యాల, కరీంనగర్ మున్సిపల్ కార్యాలయాల్లో టౌన్ ప్లానింగ్ విభాగాన్ని అడిగితే లైసెన్సు ఉన్నవారి పేర్లు తెలుస్తాయి. ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్ ఇచ్చే చార్టర్డ్ ఇంజినీర్ గుర్తింపు ఉందేమో అడగండి. వాళ్ల తెలంగాణ కేంద్రం హైదరాబాద్ ఖైరతాబాద్‌లో ఉంది. ఇల్లు పెద్దదై, నష్టం తీవ్రంగా ఉంటే వరంగల్ నిట్ సివిల్ విభాగాన్ని సంప్రదించవచ్చు.

సింగరేణిలోనో, ఇరిగేషన్‌లోనో, ఆర్ అండ్ బీలోనో రిటైరైన ఇంజినీర్లు మన చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. వాళ్ల అనుభవం విలువైనదే. అయినా జీవితమంతా రోడ్లు, కాలువలు చూసిన సార్‌కూ, భవనాల డిజైను చేసిన సార్‌కూ తేడా ఉంటుంది. "సార్, మీరు ఎక్కువగా ఏ పని చూసిండ్రు?" అని మర్యాదగా అడగడంలో తప్పు లేదు.

నా మట్టుకు అన్నిటికంటే పెద్ద షరతు ఒకటుంది. సలహా ఇచ్చే ఇంజినీరుకు మీ ఇంటి పనిలో వేరే లాభం ఉండకూడదు. పని తనకే గుత్తకివ్వాలనేవాడు, ఫలానా కంపెనీ కెమికలే వాడాలని మొదటి రోజే పట్టుబట్టేవాడు, మేస్త్రి దగ్గర కమీషన్ ఉన్నవాడు నిజాయితీగా "ఈ పని అక్కరలేదు" అనలేడు. సలహాకు వేరుగా ఫీజు కట్టండి. ఆ ఫీజే ఆయనను మీ పక్షాన నిలబెడుతుంది.

కనీసం ఇద్దరితో మాట్లాడండి. ఇంతకుముందు పాత ఇంటి మీద చేసిన పని ఒకటి చూపించమనండి, ఆ ఇంటివాళ్లతో మాట్లాడండి. ఇల్లు చూడకుండా ఫోనులోనే "వేసుకోండి, ఏం కాదు" అన్నవారిని వదిలేయండి. చూడకుండానే "కూలగొట్టి కొత్తది కట్టండి" అన్నవారినీ వదిలేయండి.

ఏం మాట్లాడుకోవాలి, ఏం రాయించుకోవాలి

ఫీజు ఒక్కో ఊళ్లో, ఒక్కో ఇంటికి ఒక్కోలా ఉంటుంది. కొందరు వచ్చిన ప్రతిసారికీ తీసుకుంటారు, కొందరు అడుగుల లెక్కన, కొందరు మొత్తానికి ఒకే మాట. ఏ పద్ధతైనా సరే, ఒక పేజీలో రాసుకోండి: ఎన్నిసార్లు వస్తారు, ఏమేం పరీక్షలు చేయిస్తారు, పరీక్షల ఖర్చు ఫీజులో కలిసి ఉందా, వేరా, రిపోర్టు ఎప్పటికిస్తారు, డ్రాయింగులు ఇస్తారా, పని నడుస్తున్నప్పుడు ఎన్నిసార్లు చూస్తారు. రిపోర్టు మీద సంతకం, సీలు, లైసెన్సు నంబరు ఉండాలని కూడా రాయండి. డబ్బు మూడు వాయిదాల్లో ఇవ్వడం మేలు, చివరి వాయిదా రిపోర్టు చేతికొచ్చాక. రసీదులు దాచండి. తేడా వస్తే వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద జిల్లా కమిషన్‌కు వెళ్లేటప్పుడు ఈ కాగితాలే ఆధారం.

ఇంజినీరు వచ్చిన రోజు

ఆ రోజు ఒక సుతారిని, ఒక కూలీని, గడ్డపార, నిచ్చెన సిద్ధంగా ఉంచండి. బయట నుంచి చూసి వెళ్లిపోయే ఇంజినీరు మీకు సగం పనే చేశాడన్నమాట. ఒకటి రెండు పిల్లర్ల పక్కన ఫుటింగు కనిపించేదాకా తవ్వించి, దాని కొలతలు, లోతు, కింది నేల చూడాలి. ఈ గుంత తవ్వకుండా "రెండో అంతస్తు వేసుకోవచ్చు" అన్న మాటకు విలువ లేదు. కొన్నిచోట్ల గిలాబు తీయించి సలాకల మందం, వరస, రింగుల దూరం చూడాలి.

కాంక్రీటు గట్టితనం చూడటానికి రీబౌండ్ హ్యామర్ అనే చిన్న పరికరముంటుంది. లోపల బోలుగా ఉందా అని ధ్వని తరంగాలతో చూసేది అల్ట్రాసోనిక్ పరీక్ష. సలాక ఎక్కడుందో చెప్పే యంత్రం, సలాకకు తుప్పు పట్టే అవకాశం ఎంతుందో చూసే హాఫ్ సెల్ పరీక్ష, అవసరమైతే కాంక్రీటులో నుంచి గుండ్రటి ముక్క కోసి నలగ్గొట్టే కోర్ పరీక్ష కూడా ఉన్నాయి. అన్నీ ప్రతి ఇంటికీ అక్కరలేదు. ఏది ఎందుకు చేయిస్తున్నారో అడిగి తెలుసుకోండి.

మీరు ఆయన దగ్గర ఏదీ దాచకండి. ఫలానా గోడ మధ్యలో తీసేశాం, ఇక్కడ బాత్రూం నీళ్లు రెండేళ్లు కారాయి, పునాది పక్కనే సెప్టిక్ ట్యాంకు తవ్వాం, వెనక వేపచెట్టు కొట్టేశాం అన్నవన్నీ చెప్పండి. ఆయన లెక్కకు ఇవే మూలం.

కింద కారు పెట్టుకోవడానికి గోడలు లేకుండా వదిలి పైన ఇల్లు కట్టాలనుకుంటే ఆ మాట ముందే చెప్పండి. అలాంటి ఇళ్లు భూకంపానికి త్వరగా దెబ్బతింటాయి. మనకెక్కడి భూకంపాలనుకోవద్దు. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపానికి ఉత్తర తెలంగాణ అంతా కదిలింది.

రిపోర్టులో ఏం ఉండాలి?

ఇల్లు ఇప్పుడు ఎలా ఉంది, ఎక్కడెక్కడ ఏం చూశారు, పరీక్షల్లో ఏం తేలింది, ఫుటింగు కొలతలు, నేల మీద వేసుకున్న బరువు లెక్క, ఏది వెంటనే చేయాలి, ఏది ఆగవచ్చు, చేయాల్సిన పని వరస, వాడాల్సిన సామాను ఇవన్నీ ఉండాలి. "భవనం పటిష్ఠంగా ఉంది" అని రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టిన కాగితం తీసుకోకండి. అర్థం కానిచోట తెలుగులో చెప్పమని అడగండి. మీ మేస్త్రిని పక్కన కూర్చోబెట్టుకుని వినండి, పని చేయాల్సింది ఆయనే.

తుప్పు గురించి ఒక మాట. తుప్పు పట్టిన సలాక ఉబ్బుతుంది. అసలు ఇనుము కంటే తుప్పు రెండింతల నుంచి ఆరింతల దాకా చోటు తీసుకుంటుంది, అందుకే కాంక్రీటును పగలగొట్టుకుని బయటికొస్తుంది. దాని మీద సిమెంటు గిలాబు పూస్తే రెండు మూడేళ్లలో మళ్లీ ఊడుతుంది, ఈలోపు లోపల సలాక సన్నబడుతూనే ఉంటుంది. సరైన పద్ధతిలో ముందు కింద పోట్లు పెట్టి స్లాబును ఆపాలి. వదులైన కాంక్రీటంతా తీసి, సలాకను మెరిసేదాకా తోమి, మరీ సన్నబడినచోట కొత్త సలాక కట్టి, తుప్పు పట్టని పూత వేసి, అప్పుడు ఇంజినీరు చెప్పిన మోర్టారుతో పూడ్చాలి. అన్నిటికంటే ముందు పైనుంచి దిగే నీటిని ఆపాలి.

పని నడుస్తున్నప్పుడు

రిపోర్టు ఇవ్వడంతో ఇంజినీరు పని అయిపోదు. సలాకలు కట్టాక, కాంక్రీటు పోసే ముందు ఆయన వచ్చి చూడాలి. కింద బిళ్లలు పెట్టి స్లాబు సలాకలను 20 ఎంఎం పైకి లేపారా, పిల్లరు సలాకల మీద 40 ఎంఎం కాంక్రీటు కవరు ఉందా అన్నవి పోసిన తర్వాత ఎవరికీ కనిపించవు. ఈ కొలతలు ఐఎస్ 456 ప్రమాణంలోవి. మేస్త్రి మార్పు కోరితే ఇంజినీరును అడిగాకే చేయండి. ఇద్దరి మధ్య మాట తేడా వస్తే, మర్యాద తగ్గకుండా ఇంజినీరు మాటే నడిపించండి.

మున్సిపాలిటీ అనుమతి వేరే సంగతి. టీఎస్ బీపాస్ చట్టం 2020లో వచ్చాక 500 చదరపు మీటర్ల లోపు స్థలం, 10 మీటర్ల లోపు ఎత్తు ఉన్న ఇళ్లకు యజమాని స్వీయ ధ్రువీకరణ మీదే అనుమతి వస్తోంది. పని సులువైంది, సంతోషమే. అయితే అనుమతి వచ్చినంత మాత్రాన మీ పిల్లర్లను ఎవరో లెక్కగట్టి చూశారని అర్థం కాదు. ఆ కాగితం మీద సంతకం మీదే.

వేసవిలో పని పెట్టుకోవాలనుకునేవాళ్లు అంతకుముందు వానాకాలంలోనే ఇంజినీరును పిలిపించండి. స్లాబు ఎక్కడ ఉరుస్తోందో, పునాది చుట్టూ నీళ్లు ఎటు నిలుస్తున్నాయో ఆయన కళ్లతో చూస్తాడు. సిమెంటుకు, ఇసుకకు డబ్బు తీసే ముందు రిపోర్టు మీ చేతిలో ఉంటుంది.